మా అత్త ఒక్కరోజు కొలువు

మొన్న పులివెందులలో కూలి ఆడవాళ్ల సభ జరుగుతుంటే మా మనవరాలు నన్ను కూడా తీసుకుపోయింది. వేదిక మీద ఒక అమ్మాయి పాట ఎత్తుకుంది. ఎత్తుకునే ముందు మైకు పట్టుకుని, "ఇది మన సీమ జానపదం, ఎవరు కట్టారో తెలియదు" అని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. తెలియకపోవడమేమిటి? ఆ పాట కట్టింది మా అత్త అఖ్తర్ బీ. ప్రొద్దుటూరులో మా ఇంటి పొయ్యి ముందు కూర్చుని, సంగటి కెలుకుతూ కట్టింది. లేచి ఆ మాటే అరిచి చెబుదామనుకున్నాను గానీ మనవరాలు కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

అది యాభై ఆరో సంవత్సరం. మన రాజధాని కర్నూలు. హైదరాబాదు ఇంకా వేరే రాజ్యమే. ఆ ఏడాది చలి తగ్గే రోజుల్లో జమీర్‌తో నా నిఖా అయింది. నేను వేంపల్లె నుంచి ప్రొద్దుటూరుకు కాపురానికి వచ్చేసరికి పత్తి సీజను ముమ్మరంగా ఉంది. జమ్మలమడుగు వైపు రేగడి చేలనుంచి బండ్ల మీద బండ్లు వచ్చి దిగేవి. మంచినీళ్ల చెంబులో కూడా దూది నలక తేలేది. మేము దూదేకులవాళ్లం. మామ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పరుపులు కుట్టడానికి పల్లెలు పట్టి పోయేవాడు. ఆ ఎండాకాలమంతా ఆయన ఇంటికి వచ్చింది లేదు. మా ఆయన జమీర్ కొండయ్య శెట్టి పత్తి మిల్లులో ఫిట్టరు.

మా అత్తకు పాటే పని. పెద్దింటి పెళ్లి ఎక్కడ జరిగినా ఆడపెళ్లివారు ఆమెను పిలిపించేవాళ్లు. మగపెళ్లివారు బంతిలో కూర్చుని తింటుంటే వాళ్లను పేరుపేరునా ఎగతాళి చేస్తూ పాడాలి. దానికొక కట్టుబాటు ఉంది. ఎవరి మీద పాడుతున్నారో వాళ్లు పాట అయ్యేదాకా విస్తరి ముందు నుంచి లేవకూడదు. కోపం తెచ్చుకోకూడదు. నవ్వాలి. నవ్వి, చివర్లో పాడినామెకు తాంబూలం పంపాలి. కోప్పడినవాడు ఓడిపోయినట్టే. మా అత్త గొంతు సవరించుకుంటే వియ్యపువాళ్లు అప్పడం కొరకడానికి కూడా జంకేవాళ్లు.

పెళ్లయిన మూడో వారానికే నన్ను కూడా మిల్లు పనికి పొమ్మంది ఆమె.

"ఇంట్లో కూచోని నా మొగం చూస్తాంటే నీకేమొస్తాది? పో, నాలుగు మొగాలు తెలుస్తాయి."

పోయాను. మిల్లు ఆవరణలో రేకుల కొట్టం కింద అరవై మంది ఆడవాళ్లం కూర్చుని పత్తిలోని ఆకూ నలకా ఏరేవాళ్లం. కామనూరు నుంచి నడిచివచ్చే ఓబులమ్మ నాకు పని నేర్పింది. నలుగురు పిల్లల తల్లి, నోరు మంచిది, చేతులు నాకంటే రెండింతలు వేగంగా ఆడేవి. మధ్యాహ్నానికల్లా నాకు అక్కడ బాగుందనిపించింది. వేంపల్లెలో నాకు లేని స్వేచ్ఛ ఆ కొట్టం కింద దొరికింది.

సాయంత్రం మిల్లు కూత కూసింది. ఆడవాళ్లంతా గేటు దగ్గర వరసకట్టారు. కాపలా ఉండే సుంకన్న ఒక్కొక్కరినీ ఆపి సోదా చేస్తున్నాడు. ఆడవాళ్లు బట్టల్లో దూది దాచుకుని పోతారని మిల్లువాళ్ల అనుమానం. మగవాళ్లు పక్కనున్న చిన్న తలుపులోంచి బీడీలు ముట్టించుకుంటూ పోతున్నారు. వాళ్లకు సోదా లేదు. ఒక మగవాడి పంచె మడతల్లో ఎంత దూది పడుతుందో ఎవరికీ తోచలేదు కాబోలు.

నా వంతు వచ్చింది.

"కొంగు దులుపు" అన్నాడు సుంకన్న.

దులిపాను. అతని చేతులు నా భుజాల మీద పడి కిందికి దిగాయి. నడుము దగ్గర ఆగాయి. ఆగాల్సినదానికంటే ఎక్కువసేపు ఆగాయి. అతను నా ముఖం చూడలేదు, గోడవైపు చూస్తున్నాడు. "పో" అన్నాడు.

బయటికి వచ్చాక ఓబులమ్మ నా పక్కన నడిచింది. "అలవాటయితాది పిల్లా" అంది.

"నీకు అలవాటయిందా?"

"పదకొండేండ్లయింది. ఇంగా కాలేదు. కొత్తోళ్లకు ఏదో ఒకటి చెప్పల్ల గదా అని చెప్తాండా."

ఆ మాట నేను జమీర్‌కు చెప్పలేదు. కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు, ఏమని చెప్పను? రోజూ ఇంటికి రాగానే దొడ్లోకి పోయి రెండు చెంబులు ఎక్కువే పోసుకునేదాన్ని. వారం తిరిగేసరికి మా అత్త పట్టేసింది.

"ఏందే, పొద్దన పోసుకుంటివి, మల్లా మాపటికి పోసుకుంటాండావు. బాయి ఎండగొడతావా ఏంది?"

"దూది నలక అత్తా. గీరుకుంటాంది."

"నడుము కాడనే గీరుకుంటాందా? పొద్దంతా ఆడనే రుద్దుకుంటాండావు."

ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నేను చెప్పడం అయ్యేదాకా పొయ్యిలో పుల్లలు కూడా కదపలేదు.

"ఇంగ ఎవురెవురు?" అని అడిగింది.

"అందరూ."

"అందరూ అనొద్దు. పేర్లు చెప్పు."

ఓబులమ్మతో మొదలుపెట్టి నాకు తెలిసిన పేర్లన్నీ చెప్పాను. ఏ ఊరు, ఎవరి బిడ్డ, పిల్లలెందరు, అన్నీ అడిగింది. జమీర్ వచ్చాక అతని ముందే మాట ఎత్తింది. అతను తల గోక్కున్నాడు.

"మిల్లు కాడ సోదా మామూలే గదమ్మా. పైపైన చూస్తారు. దాన్ని పెద్దది చెయ్యొద్దు, నా పని పోతాది."

అతను చెడ్డవాడు కాడు. కానీ ఆ మాట అన్నంతసేపూ నా వైపు చూడలేదు. నాకు సుంకన్న గోడవైపు చూడటమే గుర్తొచ్చింది. ఆ పూట అతనికి సంగటి వడ్డించలేదు, గిన్నె ముందుకు తోసి వచ్చేశాను.

అదే నెలలో కొండయ్య శెట్టి కొడుకు పెళ్లి. పెళ్లికూతురుది జమ్మలమడుగు. ఆడపెళ్లివారు కబురు పంపారు, "మా వియ్యంకుడి మర్మాలు మీ ఊరి మనిషికే తెలుస్తాయి, నువ్వే వచ్చి పాడల్ల" అని. మా అత్త ముఖం వెలిగిపోయింది.

"విస్తరి ముందర కూచున్యాక యాడికి పోతాడు? లేయల్లంటే లేయలేడు. నూరు మంది వింటారు. సోదా సంగతి ఆడ పెడతా."

వంతపాడటానికి నన్ను వెంటబెట్టుకుంది. ఇద్దరం బస్సెక్కి జమ్మలమడుగు పోయాం. పందిట్లో మగపెళ్లివారి బంతి కూర్చుంది. కొండయ్య శెట్టి నడుమ కూర్చున్నాడు. బొద్దుగా, ఎర్రగా, ఎప్పుడూ నవ్వు ముఖం. మిల్లులో ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఏ పేచీ వచ్చినా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి పేచీ తెచ్చినవాడే నెత్తి గోక్కుంటూ వెళ్లిపోయేవాడు. మేము పందిరి గుంజ అవతల నిలబడ్డాం. మా అత్త ఎత్తుకుంది.

*వియ్యంకుడొచ్చెనమ్మా, వింతైన వియ్యంకుడు,*
*పత్తిమిల్లు వియ్యంకుడు, పట్టుపంచె వియ్యంకుడు.*
*కాళ్లకు నీళ్లియ్యరే, పీట తెచ్చి వేయరే,*
*పీట వేసి కూచోబెట్టి, కొంగు దులిపి చూడరే.*
*కొంగులోన ఏమున్నాది, కూలితల్లి కొంగులోన?*
*బిడ్డకని దాచుకున్న సద్దిముద్ద వియ్యంకుడా!*

బంతి మొత్తం ఘొల్లుమంది. ఆడపెళ్లివారైతే స్తంభాలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది కొండయ్య శెట్టి. కళ్లలో నీళ్లు తుడుచుకున్నాడు.

"అఖ్తరమ్మా, నా మిల్లునే పెండ్లికి తెచ్చినావు గదే! ఇంగొకసారి పాడు!"

మళ్లీ పాడించాడు. తాంబూలంలో అందరికీ పెట్టినదానికంటే మంచి రవికెగుడ్డ పెట్టి పంపాడు. తిరుగు బస్సులో మా అత్త ఆ రవికెగుడ్డను విప్పి కూడా చూడలేదు. నేను మాత్రం గెలిచామనే అనుకున్నాను. వయసు అది.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర ఎప్పటిలాగే వరస. సుంకన్న హుషారుగా ఉన్నాడు. పెళ్లికి పోయివచ్చిన బండివాళ్ల దగ్గర పాట నేర్చుకున్నట్టున్నాడు. ఓబులమ్మను ఆపి, "పీట వేసి కూచోబెట్టి, కొంగు దులిపి చూడరే" అని రాగం తీస్తూ సోదా చేశాడు. నన్ను ఆపి కూడా అదే పాడాడు. మా అత్త పాట పాడుతూ నా నడుము తడిమాడు. అంతవరకు నాకు సిగ్గు మాత్రమే తెలుసు. ఆ రోజు అసహ్యం తెలిసింది.

ఇంటికి వచ్చి ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ముప్పై ఏళ్లు పాడిన మనిషి నేల మీద చతికిలబడి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. మర్నాడు పొద్దున సంగటి కెలుకుతూ మాట్లాడింది.

"తప్పు నాదే. బంతిలో పాడితే నవ్వల్లని కట్టుబాటు. నవ్వినాడు. నవ్విన్యాక ఇంగేముంది, ఆడికే అరిగిపాయ. ముప్పై ఏండ్లుగా వాళ్లు నవ్వేదానికే పాడినా నేను. కడుపు మండేది గూడా నవ్వులాటలో పెట్టి పాడితి."

"పోనీలే అత్తా."

"ఏంది పోనీలే? పోదు." కెలికే తెడ్డు ఆపింది. "సాజిదా, ఈసారి గేటు కాడనే పాడతా. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పాడతా. నీ పేరు గూడా పెడతా. నిన్ను తాకినాడని ఊరంతటికీ తెలుస్తాది. వద్దంటే పెట్టను. నువ్వే చెప్పల్ల."

చాలాసేపు ఆలోచించాను అని చెబితే అబద్ధం. నాకు భయం వేసింది. జమీర్ ఏమంటాడో, వేంపల్లెలో మా అమ్మ చెవిన పడితే ఏమవుతుందో అనుకున్నాను. అయితే ఆ సాయంత్రం మళ్లీ ఆ వరసలో నిలబడాలన్న తలంపు దానికంటే ఎక్కువ భయంగా ఉంది.

"పెట్టు అత్తా" అన్నాను.

పొయ్యి ముందే కట్టింది పాట. నేను ఓబులమ్మతో చెప్పాను, ఓబులమ్మ కొట్టం కింద తక్కినవాళ్లతో చెప్పింది. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ల పేర్లే పెట్టింది.

సాయంత్రం కూత కూసేసరికి మా అత్త రోడ్డు అవతల సైకిలు అంగడి అరుగు మీద కూర్చుని ఉంది. సుంకన్న చూసి పళ్లికిలించాడు, ఎగతాళి పాట వస్తుందని. వచ్చింది అది కాదు. ఉయ్యాల్లో బిడ్డను వేసి పేరు పెట్టేటప్పుడు పాడే వరస ఉంది చూడండి, బిడ్డకు మేనత్త ఎవరో మేనమామ ఎవరో వరసగా చెబుతూ నెమ్మదిగా పాడేది, ఆ వరస. ఓబులమ్మ గేటు దగ్గరికి రాగానే ఎత్తుకుంది.

*ఎవరమ్మ వచ్చేది, ఎర్రకోక కట్టింది?*
*కామనూరు ఓబులమ్మ, నలుగురిని కన్నతల్లి.*
*కడుపులోని ఆకలిని కనపడక దాచుకుంది,*
*కొంగులోన ఏమి దాచు, తమ్ముడా సుంకన్న?*
*తాకి చూడు, తాకి చూడు, తల్లి గదా సుంకన్న.*

పత్తి బండ్లవాళ్లు బండ్లు ఆపేశారు. టీ అంగట్లో గ్లాసులు పట్టుకున్నవాళ్లు అలాగే లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఆ పాటలో ఏమీ లేదు. సుంకన్న చేతులు ఓబులమ్మ భుజాల మీద పడీపడకుండా పడి దిగిపోయాయి. తర్వాత ఇద్దరు. ఆ తర్వాత నేను.

*ఎవరమ్మ వచ్చేది, పచ్చగాజులేసింది?*
*వేంపల్లె సాజిదమ్మ, నా ఇంటి కొత్తకోడలు.*
*అరచేతి గోరింట ఆరనైన ఆరలేదు,*
*నడుములోన ఏమి దాచు, అన్నయ్య సుంకన్న?*
*తాకి చూడు, తాకి చూడు, చెల్లె గదా సుంకన్న.*

నా పేరు రోడ్డు మీద అంత గట్టిగా వినడం అదే మొదలు. తల ఎత్తే ఉంచాను. ఆమె నా కోసం అంత ఎత్తున పాడుతుంటే నేను తల దించుకోవడం ఏమిటనిపించింది. ఆ రోజు సుంకన్న నన్ను తాకలేదు.

ఇంట్లో జమీర్ నిప్పులు తొక్కాడు.

"నా పెండ్లాం పేరు బజార్న పాడుతావా? రేపు నేను మొగం యాడ పెట్టుకోవల్ల?"

"బజార్నే తడిమినాడు గదరా. అప్పుడు యాడ పెట్టుకున్యావు మొగం?"

"నలుగురికీ తెల్దు అప్పుడు."

"దానికి తెల్సు" అంది మా అత్త, నన్ను చూపిస్తూ. "దానికి తెల్సింది చాలదా?"

జమీర్ చాప తీసుకుని బయట అరుగు మీద వేసుకున్నాడు. మూడు రోజులు అక్కడే పడుకున్నాడు. మూడు సాయంత్రాలూ మా అత్త పాడింది. మొదట పేరు వద్దన్నవాళ్లు కూడా రెండో రోజు వచ్చి, "నాది గూడా పెట్టు అక్కా" అన్నారు. అందరూ గేటు అవతలికి వచ్చాక కూడా కదలకుండా నిలబడి ఆమెతో కలిసి అందుకున్నారు. మూడో రోజు సుంకన్న చేతులు వెనక్కి కట్టుకుని, "పోండమ్మా, పోండి" అన్నాడు. మేనేజరు ప్రభాకరరావు పరిగెత్తుకొచ్చాడు. ఆయనది బందరు వైపు.

"ఏవయ్యా, సోదా చెయ్యవేం? జీతం తీసుకోవట్లా?"

"మీరే చేయండి సార్. మా చెల్లెలింటికి పోతే చెంబుడు నీళ్లు గూడా ఇయ్యలేదు నాకు. ఆ పాట వాళ్ల పిల్లోళ్లు గూడా పాడుతాండారు."

మర్నాడు మా అత్తనూ నన్నూ శెట్టి పిలిపించాడు. ఆఫీసు వరండా నిండా గుమాస్తాలు, కూలివాళ్లు. ప్రభాకరరావు నన్నూ, జమీర్‌నూ తీసేయాలని పట్టుబట్టినట్టున్నాడు. శెట్టి ఆయన వైపు చెయ్యి ఊపాడు.

"సీజన్లో ఆడోళ్లను పంపిస్తే ఆకు నువ్వు ఏరుతావా?" అని, మా అత్త వైపు తిరిగి నవ్వాడు. "అఖ్తరమ్మా, ఆడోళ్లను మొగోడు సోదా చేసేది తప్పే. ఒప్పుకుంటాండా. ఇంగ ఆడమనిషినే పెడతా. యాడో ఎతికేది ఎందుకు, నువ్వే ఆ మనిషివి. రేపట్నుంచి గేటు నీది."

వరండాలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట నోరు మూయించడానికి ఇంతకంటే తియ్యటి దారి లేదు. ఆమె కాదంటే, ఆడమనిషిని పెడతానన్నా వినలేదని అంటారు. ఔనంటే, పాడిన మనిషే మమ్మల్ని తడమాలి. మా అత్త కొంగు సర్దుకుంది.

"చేస్తా శెట్టీ. అయితే సోదా అంటే అందరికీ. ఆడా మొగా లేదు. గేటు దాటే ప్రతి మనిషినీ చూస్తా. మీకు సమ్మతమేనా?"

శెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అట్నే కానీ! నన్ను గూడా చూడు. నా జేబులో యాలక్కాయలు తప్పితే ఏమీ దొరకవు నీకు." ప్రభాకరరావు కూడా నవ్వాడు. గుమాస్తాలు నవ్వారు. నేను నవ్వలేదు. నాకూ అది నవ్వులాట మాటే అనిపించింది, బంతిలో ఆడుకున్నట్టు.

దారిలో నిలదీశాను. "చేస్తానంటివా అత్తా? సుంకన్న చేతులు పోయి నీ చేతులు వస్తాయా మా మీదికి?"

"రేపు రా" అంది.

"రాను."

"రా" అంది మళ్లీ. అంతే. ఆ రోజంతా నేను ఆమెను ఎంత అసహ్యించుకున్నానో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తల్లిలాంటిదనుకున్న మనిషి కొలువు కోసం అమ్ముడుపోయిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కూత కూసింది. మా అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుని గేటు మధ్యలో నిలబడి ఉంది. ఆడవాళ్లం వరసకట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఆ పక్కకు నిలబడండమ్మా. ముందర మొగోళ్లు."

మగవాళ్లు ఎప్పటిలాగే చిన్న తలుపు దగ్గరికి పోయారు. తాళం వేసి ఉంది. తాళంచెవి సుంకన్న మొలలో ఉంది, అతను అటువైపు చూడటం లేదు. వాళ్లంతా గొణుక్కుంటూ పెద్ద గేటుకు వచ్చారు. ముందువరసలో జమీర్ ఉన్నాడు.

"రా జమీరూ" అంది మా అత్త.

"ఏందమ్మా ఇది?"

"సోదా. మామూలే గదా. పైపైన చూస్తా."

అతను వెనక్కి చూశాడు. వెనక వందమంది ఉన్నారు. ముందుకు వచ్చాడు. ఆమె కన్నకొడుకు భుజాల మీద చేతులు వేసి కిందికి దించింది. నడుము దగ్గర ఆపింది. ఆపి, గోడవైపు చూస్తూ నిలబడింది. ఎవరూ దగ్గలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి, దవడ కదిలింది. కళ్లు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల మీద వెతుకుతున్నాయి. ఆ వెతుకులాట నాకు బాగా తెలుసు. చివరికి ఆ కళ్లు నా మీదికి వచ్చి ఆగాయి.

"పో" అంది ఆమె.

అతను గేటు దాటాడు గానీ ఇంటికి పోలేదు. బయట గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

ఫిట్టర్లు అయ్యారు, బేళ్లు కట్టేవాళ్లు అయ్యారు, గుమాస్తాలు అయ్యారు. గొణుగుడు ఆగిపోయింది. ప్రభాకరరావు గొడుగు పట్టుకుని వచ్చాడు.

"ఏవిటమ్మా ఇదంతా? నేను మేనేజర్ని. నా మీద చెయ్యేస్తావా?"

"శెట్టి సమ్మతించినాడు సార్. నిన్న మీరు గూడా నవ్వితిరి."

కోటు జేబులో చెయ్యి పెట్టింది. తీసి చూపించింది. దూది! పిడికెడు దూది. అరవై మంది ఆడవాళ్లం ఒక్కసారి ఘొల్లుమని నవ్వాం.

"అది చెవుల్లో పెట్టుకునేదండీ! జిన్నింగు మిషన్ల మోతకి!" అన్నాడు ఆయన, నిజంగానే ఏడుపుగొంతుతో.

"కావచ్చు సార్. మా వాళ్లను ఎవురూ ఎందుకని అడగల్యా. సుంకన్నా, మిల్లు దూది, లోపల పెట్టు."

అప్పుడు శెట్టి జట్కా వచ్చింది. గుంపు చూసి జట్కావాడు గుర్రాన్ని ఆపాడు. శెట్టికి సంగతి అర్థమైంది. నవ్వాడు. రోడ్డు అవతల సైకిలు అంగడి, టీ అంగడి నిండా జనం. దిగకపోతే మాట తప్పినట్టు, కోప్పడితే ఓడిపోయినట్టు. నవ్వుతూనే దిగాడు, నవ్వుతూనే చేతులు చాపాడు.

"ఉత్తరీయం దులపండి శెట్టీ."

దులిపాడు. ఆమె చేతులు ఆయన భుజాల మీద నుంచి దిగాయి. నడుము దగ్గర ఆగాయి. ఈసారి ఆమె గోడవైపు చూడలేదు, ఆయన ముఖంలోకే చూసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. నవ్వు మొదట కళ్లలో ఆగిపోయింది, తర్వాత పెదాల మీద. ఇన్నేళ్లలో ఆయన ముఖం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. మామూలు ముఖమే, కొంచెం భయపడిన ముఖం.

"చాల్లే అఖ్తరమ్మా" అన్నాడు మెల్లగా.

"ఇంగా కాలేదు శెట్టీ. నా కోడలికి ఇంతకన్నా ఎక్కువ సేపు పట్టేది."

ఆయన నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఉత్తరీయం మెడకు చుట్టుకుని జట్కా ఎక్కి కూర్చున్నాక, ఎవరి వైపూ చూడకుండా, "గేటు తీసి పెట్టండి. రేపట్నుంచి ఎవురికీ సోదా లేదు" అన్నాడు.

మా అత్త కొలువు అలా ఒక్కరోజుతో ముగిసింది. తర్వాత ఏ పెద్దింటి పెళ్లికీ ఆమెను పిలవలేదు. సీజను అయ్యాక జమీర్‌ను కూడా మళ్లీ రమ్మనలేదు, అతను జమ్మలమడుగు మిల్లుకు మారాడు. అయితే పులివెందుల నుంచి, లింగాల నుంచి చెనక్కాయ, అదే వేరుశనగ, ఒలిచే ఆడవాళ్లు వచ్చి, మా దగ్గరా ఇదే బాధ, మాకూ ఒక పాట కట్టియ్యి అని అడిగి తీసుకుపోయేవాళ్లు. మా ఇంటి పొయ్యి ముందు ఎప్పుడు చూసినా నలుగురు. శెట్టిని సోదా చేసిన ఆ సాయంత్రం జమీర్ నాతో పాటే ఇంటికి నడిచాడు. సగం దారిలో, "ఇన్నాళ్లూ ఎట్ట ఓర్చుకున్యావు?" అన్నాడు. "నువ్వు అడగల్యా" అన్నాను. అతను ఏడ్చాడు. నాకు జాలి వేసింది, కోపం కూడా మిగిలే ఉంది. రెండూ చెప్పాను.

మరుసటి సాయంత్రం కూత కూసింది. గేటు బార్లా తెరిచి ఉంది. సుంకన్న లోపల స్టూలు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. మేమంతా కబుర్లు చెప్పుకుంటూ నడిచి వస్తున్నాం. గేటు దగ్గరికి రాగానే నేను ఆగిపోయాను. నా రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి. పక్కన చూస్తే మరో ఇద్దరు కూడా అలాగే చేతులెత్తి నిలబడి ఉన్నారు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

"దించు పిల్లా" అంది ఓబులమ్మ వెనకనుంచి. "ఇంగ ఆడ ఎవురూ లేరు."

దించడానికి నాకు కొంచెంసేపు పట్టింది.